చుట్టుదారి టిక్కెట్టు

"ఇంతకన్నా ఆలస్యంగా చేరేది లేదా బాబాయ్?"

విమాన టిక్కెట్ల గుమస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల వెనకే కూర్చుంటున్నాడు. అందరూ త్వరగా చేరేదే అడిగారు. ఇలా అడిగిన మనిషిని ఇవాళే చూశాడు.

ఆమెకు ముప్పై దాటి ఉండవు. జుట్టు దువ్వుకున్నట్టు లేదు. చంకలో మూడేళ్ళ పిల్లవాడు. చేతిలో నలిగిన కాగితం.

"ఏడువేల రెండువందల కిలోమీటర్లమ్మా. నేరుగా వెళ్తే తొమ్మిది గంటలు. ఓ కునుకు తీసేసరికి దిగిపోతారు. ఒకచోట ఆగితే పద్దెనిమిది."

"ఇంకా ఎక్కువ పట్టేది?"

"ఖర్చు గురించైతే నేరుగా వెళ్ళేదే చవక."

"ఖర్చు గురించి కాదు. రేపు పొద్దున విమానం ఎక్కి తీరాలని ఇందులో రాశారు. ఎప్పుడు దిగాలో మాత్రం రాయలేదు."

ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివిందో దాని మడతలే చెబుతున్నాయి.

"అక్కడ అత్తగారుందా ఏమిటి?" నవ్విద్దామని అన్నాడు గుమస్తా. ఆమె నవ్వలేదు.

పిల్లవాడు ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకున్నాడు. "అమ్మా, కిటికీ నాదేనా?"

"నీదే నాన్నా. అన్ని కిటికీలూ నీవే."

గుమస్తా మళ్ళీ వెతికాడు. "మూడు విమానాలు మారాలి. మధ్యలో ఒకచోట ఏడు గంటలు పడిగాపులు. మొత్తం ముప్పై ఒక్క గంటలు. పిల్లాణ్ణి చంకనేసుకుని ఆ పాట్లు పడగలవా తల్లీ?"

"పడతాను. అదే ఇవ్వండి."

గుమస్తాకు మనసొప్పలేదు. చూస్తూ చూస్తూ పసివాణ్ణి ఏడు గంటలు ఇనుప కుర్చీల మీద ఎలా పడేస్తాడు? వెతగ్గా వెతగ్గా, దిగిన వెంటనే దొరికే మరో విమానం కనపడింది. ఆమెతో ఒక్క మాటైనా అనకుండా మార్చేశాడు. కాగితం తీసి, కాస్త గర్వంగానే ఆమె ముందుకు తోశాడు.

ఆమె వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇరవై నాలుగే ఉన్నాయి. ఆ ఏడు గంటలూ ఏమయ్యాయి?"

"మిగిల్చాను తల్లీ."

"ఎందుకు మిగిల్చారు?" బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "మీ కాళ్ళు పట్టుకుంటాను. అవి నాకిచ్చెయ్యండి. కుర్చీల్లేకపోతే నేల మీద కూర్చుంటాం."

వెనక నిలబడ్డ పెద్దమనిషి విసుక్కున్నాడు. "ఏదో ఒకటి కానివ్వండి మాస్టారూ. ఆవిడకి లేని తొందర మీకెందుకు?"

గుమస్తా తీసేసిన ఏడు గంటలూ తిరిగి చేర్చాడు. కొత్త కాగితం చూసుకున్నాక గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

పిల్లవాడు ఆమె భుజం మీదే నిద్రపోయాడు. ఒక చెప్పు జారి కిందపడింది. ఆమె వంగి తీసి, దుమ్ము తుడిచి, చేత్తోనే పట్టుకుంది.

"తిరుగు టిక్కెట్లు కూడా ఇప్పుడే రాసెయ్యనా? రెండూ నేరుగా వచ్చేవే ఇస్తాను," అన్నాడు గుమస్తా, మెత్తబడి.

ఆమె పిల్లవాడి చెవిని అరచేత్తో మూసింది.

"ఒక్కటి చాలు బాబాయ్, కోర్టువారు విమానం దిగిన చోటే వీణ్ణి కన్నతల్లికి అప్పగించెయ్యమన్నారు."