బయటి గడియ

కోన్యోకోన్యో బజారులో కొట్లన్నీ ఓడల మీద సరుకు మోసుకొచ్చిన ఇనుప పెట్టెలే. వాటికి గడియ బయటే ఉంటుంది. అందుకని చక్కెర బస్తాలకు కాపలాగా కిడెన్ లోపల పడుకుంటే, ఆడపడుచు జొకుడు బయట తాళం వేసి వెళ్లి, తెల్లవారాక వచ్చి తీస్తుంది. జూబా నగరంలో ఇలా నిద్రపోయేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ రాత్రి జొకుడు కొంచెం ఆలస్యంగా వచ్చింది. "పడుకో వదినా, పొద్దున్నే వస్తా," అంది తలుపవతల నుంచి. తాళం టక్కుమంది. వెళ్లిపోతున్న అడుగుల చప్పుడు మాత్రం వినబడలేదు. జనరేటర్ల మోతలో కలిసిపోయిందనుకుంది కిడెన్.

ఒక్కొక్కటిగా జనరేటర్లన్నీ ఆగిపోయాయి. అప్పుడు ఫోన్ మోగింది. జొకుడు.

"ఏమనుకోకు వదినా. వంతెన మీద లారీ తిరగబడింది. సాయంత్రం నుంచి ఏటికి ఇవతల గుంబోలోనే ఇరుక్కుపోయాను, ఫోన్ ఇప్పటికి కలిసింది. నీ గురకకు దొంగలెలాగూ రారు గానీ, తలుపు ఎవరిచేత వేయించావు?"

కిడెన్ లేచి కూర్చుంది. "నువ్వే వేశావు కదే."

"నేనా? తాళంకప్ప, తాళంచెవి రెండూ నా సంచిలోనే ఉన్నాయి."

కిడెన్ చీకట్లో తడుముకుంటూ వెళ్లి తలుపును రెండు చేతులతో నెట్టింది. అది కదలలేదు.

"ఎవరితో వదినా, ఈ వేళప్పుడు మాటలు?" అంది బయట నుంచి జొకుడు గొంతు, రేకుకు పెదవులు ఆనించినంత దగ్గరగా.

"ఎవరు వదినా అది, నా గొంతుతో?" అంది ఫోన్‌లో జొకుడు.

బయట గడియ దగ్గర ఇంకో తాళం టక్కుమంది.