తాడు నిచ్చెన

వచ్చినాయన నీళ్ల గ్లాసును ఎడమ చేత్తో అందుకున్నాడు.

కుడి చెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి తియ్యనే లేదు.

"పొగరు చూసినవా?" అన్నాడు కొమురెల్లి, భార్య మల్లక్క చెవిలో.

కొడుకు జైపాల్‌ను ఆమె అప్పటికే పెరటి గోడ దాటించి, వెనుక క్వార్టర్‌లోని గులాం అలీ ఇంటికి పంపేసింది.

జైపాల్ ఓడ మీద పనివాడు. మూడు వారాల కిందట వాళ్ల ఓడ విశాఖపట్నం చేరింది. అంత పెద్ద ఓడ తనంతట తాను రేవులోకి రాదు. రేవు పైలట్ చిన్న పడవలో ఎదురొచ్చి, ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన ఎక్కి, లోపలికి నడిపించాలి.

ఆ రోజు తాడు తెగింది. పైలట్ పడ్డాడు.

నిచ్చెన కట్టింది జైపాల్. విచారణ తేలేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారు. తప్పు అతనిదని తేలితే మళ్లీ ఓడ ఎక్కనివ్వరు.

"జైపాల్ ఉన్నాడాండీ?"

"లేడు. శ్రీరాంపూర్ పోయిండు," అన్నాడు కొమురెల్లి.

"ఫోనూ ఎత్తడం లేదండి."

"ఆడ సిగ్నల్ ఉండది."

"శ్రీరాంపూర్ లాంటి టౌన్లోనా?" ఆయన చిన్నగా నవ్వాడు.

"మీరు పోర్టోళ్లేనా?"

"అవునండి. నేను..."

"తెల్సు, తెల్సు. ఎంక్వైరీకి వచ్చిండ్రు. ముప్ఫై ఏండ్లు బొగ్గుబాయిల చేసిన సారూ. మీ అసొంటోళ్లను ఎంతమందిని చూడలే?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఒక్కటే మాటండి. పైలట్ నిచ్చెన ఎక్కేటప్పుడు ఓడ మీంచి ఎవరో తెలుగులో అరిచారు. ఎక్కొద్దు, తాడు బాగాలేదు అని. అది జైపాలేనా?"

మల్లక్క నోరు తెరవబోయింది.

జైపాలే. తాడు పాతదని పై అధికారికి చెబితే వినలేదనీ, ఆఖరికి తానే అరిచాననీ, ఇంటికొచ్చిన రోజే ఏడుస్తూ చెప్పాడు. సాక్ష్యం లేదని విచారణలో ఆ మాట ఎత్తలేదు.

కొమురెల్లి ఆమె చెయ్యి నొక్కాడు.

ఒకప్పుడు కొమురెల్లి పనిచేసిన గనిలో పైకప్పు కూలింది. పగులు ముందే చూశానని ఒప్పుకున్న, పని చేయించే సర్దారు మెడకే అది చుట్టుకుంది. తెలిసీ మనుషుల్ని లోపలికి ఎందుకు పంపావని అడిగారు. తెలియదన్నవాళ్లంతా బయటపడ్డారు.

"మావోడు అరవలే. వానికేం తెల్వది."

"బాగా గుర్తు చేసుకోండి. నాలుగింటికి పోర్టు నుంచి నన్ను ఫోన్లో అడుగుతారు. ఒకసారి రాసుకున్నాక మార్చరు."

"గుర్తు చేసుకునుడేంది? అరవలే అంటే అరవలే."

ఆయన లేచాడు.

"అయితే నేనే పొరబడ్డానేమో."

ఎడమ చేత్తోనే జేబులోంచి ఫోన్ నెంబరు రాసిన చీటీ తీసి మల్లక్కకిచ్చాడు. "నాలుగులోగా మాట్లాడమనండమ్మా."

ఆటో మలుపు తిరగకముందే కొమురెల్లి ఆ చీటీని నీళ్లపొయ్యిలో వేశాడు.

"చాయ్ అన్న తాగమంటే బాగుండు," అంది మల్లక్క.

"చాయ్ పోస్తే, పొయ్యెక్కడున్నదో గూడ రాసుకపోతడు."

అయిదింటికి జైపాల్ గోడెక్కాడు.

"పోయిండా నాయినా?"

"పొద్దుగాల్నే పంపిన. ఫికర్ చెయ్యకు. అరిచింది నువ్వేనా అని గుచ్చి గుచ్చి అడిగిండు. కాదన్న. నాలుగింటికే రాసుకొని ఉంటరు."

జైపాల్ గోడ మీదే ఆగిపోయాడు.

"అరిచిన సంగతి ఆయనకెట్ల తెల్సు?"

"ఓడల ఎవలో చెప్పిండొచ్చు."

"ఓడల నాకు దప్ప తెలుగు ఎవ్వలకు రాదు. కింద పడవోళ్లకు ఇంజిన్ మోతల ఏం వినబడలే. నేను మీకు దప్ప ఎవ్వలకు చెప్పలే."

"మరి ఇంకెవలు విన్నరు బిడ్డా?" అంది మల్లక్క.

"ఒక్కడే అవ్వా, నిచ్చెన మీదికెల్లి పడి కుడి చెయ్యికి దెబ్బ తగిలిన పైలట్ సారు."