సగం వాటా

“అమ్మే మిల్లుకు సున్నమెందుకురా?” అన్నాడు హన్మంతు, మూడోసారి.

“అమ్ముతలేం నాయినా. రాయచూరు సేటు సగం వాటాకు పెట్టుబడి పెడతడు. మిల్లు మనదే ఉంటది.” నాగేశ్ చెప్పడం కూడా మూడోసారే. చేతిలో సున్నం బకెట్ ఉంది.

తండ్రి ముఖం తిప్పుకున్నాడు.

“పొద్దుగాల్నుంచి ఇదే పంచాయితి,” అంది నాగేశ్ తల్లి ఇందిరమ్మ, వంటింట్లోంచి వచ్చి భర్త ఎదురుగా నిలబడి. “మిల్లంత అమ్మితే కొడుకేం జేయాలె? మూటలు మోయాల్నా?”

“ఏదన్న చేసుకుంటడు. మిల్లు మాత్రం వద్దు.”

గిన్నెలు తోముతున్న కోడలు వనజ చేయి ఆగింది. ఆ మాటకు అర్థం ఇంట్లో అందరికీ తెలుసు. నిరుడు గోదాములో మూడు వందల బస్తాల పల్లికాయ బూజు పట్టింది. కొడుకు టార్పాలిన్ కప్పలేదని, రేకుల సందుల్లోంచి వాన కారిందని హన్మంతు పదిమందిలో తిట్టాడు. “కప్పిన నాయినా, చుక్క పడలే,” అని నాగేశ్ ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. అప్పటినుంచి గద్వాల బజారులో అతని పేరు బూజు నాగేశ్.

మిల్లుకు పేరు తెచ్చింది మాత్రం తండ్రి చెవి. పొట్టు తీసే మిషన్ పక్కన ముప్పై ఏళ్లుగా ఆయన కుర్చీ. రైతు తెచ్చిన కాయ గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. గింజ గలగలమంటే ఎండినట్టు, మొద్దుగా పలికితే పచ్చి ఉన్నట్టు. ఆయన ఎండిందన్న కాయే బస్తాలకెక్కుతుంది. ఆ తీర్పు మీది నమ్మకంతోనే వడ్డేపల్లి రైతులు దారిలో రెండు మిల్లులు దాటుకుని వస్తారు.

సేటు పదకొండింటికి వచ్చాడు. ఇంకా ఆరని గోడలు, కొత్త బెల్టులు, నాగేశ్ రాత్రంతా ఫైలులో సర్దిన లైసెన్సు కాగితాలు అన్నీ చూసి తలూపాడు.

“ఒక్కటే షరతు. ఐదేండ్లు పెద్దాయన ఈ కుర్చీల కూసోవాలె. మిషన్లు నేను యాడన్న కొంట. ఆ చెవి యాడ కొనాలె?”

ఏడాదిలో మొదటిసారి నాగేశ్ ముఖం వెలిగింది.

సేటు నవ్వుతూ రెండు కుప్పల్లోంచి రెండు గుప్పెళ్లు తీశాడు. “చూసి నేర్చుకుంట గానీ, వీట్ల పచ్చిదేదో చెప్పు పెద్దాయనా.”

హన్మంతు కాయలు అందుకున్నాడు. చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగింది. కాయలు కుప్పలో పారేసి లేచాడు.

“నా మిల్లుల నాకే పరీక్షనా?”

వెనక్కి చూడకుండా ఇంటికి నడిచాడు. సేటు నాగేశ్ భుజం తట్టి కారెక్కాడు.

మధ్యాహ్నం విస్తళ్ల ముందు ఎవరూ ముద్ద ముట్టలేదు.

“నా మీద నమ్మకం లేకుంటే లేకపాయె,” అన్నాడు నాగేశ్. “ఒచ్చినాయన్ని ఎల్లగొట్టుడెందుకు? రెండు కాయలు ఆడిస్తే నీ సొమ్మేం పోతుండె?”

“పంతం పోతుండె,” అంది ఇందిరమ్మ. “కొడుకు బతుకు ఏమన్న గానీ, ఈయనకు పంతమే కావాలె.”

వనజ ఏనాడూ మామకు ఎదురు మాట్లాడలేదు. ఇప్పుడు ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంది. “నిరుడు నువ్వన్న మాటతోని ఆయన బజార్ల తలెత్తుతలేడు మామా. ఇయ్యాల ఉన్న ఒక్క దారి గూడ మూసినవు. ఎందుకో చెప్పు.”

హన్మంతు కోడలి పెదవుల వంకే చూస్తూ విన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

“మిల్లు మొత్తం అమ్ముతున్న. అందరు ఇనుండ్రి.” గొంతు నెమ్మదిగా ఉంది. “నిరుడు వాడు టార్పాలిన్ కప్పిండు. వాన కారలే.”

నాగేశ్ తలెత్తాడు.

“నాకు కాయ చప్పుడు ఇనపడక మూడేండ్లాయె.”