మంచం ఇచ్చిన సాక్ష్యం

నర్సు ఉద్యోగాలకు మనుషుల సిఫారసు చెల్లడం మానేసి పదేళ్లయింది. ఇప్పుడు పనిచేస్తున్న ఆసుపత్రి సామాను చెబితేనే కొత్తచోట నమ్ముతారు. సామానుకు అబద్ధం రాదు.

"వార్డులో ఎవర్నడగను బాబాయిగారూ?" అంది నర్సు ఎస్తేరు. "సెలైన్ స్టాండుకి చెబితే టీ వేళకల్లా మేట్రన్‌కి తెలిసిపోద్ది. ఇంకోచోట వెతుక్కుంటున్నానని తెలిస్తే ఆ పూటే మానిపించేస్తారు."

మా ముందుగదిలో మంచం గొంతు సవరించుకుంది. నా భార్య హైమ జబ్బుపడ్డప్పుడు దాన్ని ఆ ఆసుపత్రి నుంచే తెచ్చాం. ఎస్తేరు రోజూ వచ్చి చూసేది. హైమ పోయి ఏడు నెలలైనా మంచాన్ని తిరిగి పంపడానికి నాకు మనసొప్పలేదు.

"నేనూ ఆ ఆసుపత్రి సామానునేగా," అంది మంచం. "ఇక్కడ మాట్లాడితే మేట్రన్‌కి వినపడదు."

కొత్త ఆసుపత్రికి ఫోను కలిపాం.

"ఆవిడ ఎప్పుడైనా నిబంధన తప్పారా?" అని అడిగారు. ఎస్తేరు కళ్లు మూసుకుంది.

"తప్పారండి," అంది మంచం. "రోగి మంచం మీద నర్సు కూర్చోకూడదు. చివరిరోజు ఈ సిస్టరు గంటన్నర కూర్చున్నారు. యాభైనాలుగు కిలోలు అదనం. ఆ గంటన్నరా రోగి మూలగలేదు."

అవతలివాళ్లు, "సోమవారం వచ్చి చేరమనండి," అన్నారు.

ఎస్తేరు దుప్పటి ముడతలు సర్ది వెళ్లింది.

"అయ్యగారూ," అంది మంచం మెల్లగా, "ఖాళీగా ఉంటే నాకూ తోచడం లేదు. ఇంకో ఇంటికి వెళతాను. నా గురించి రెండు మాటలు చెబుతారా?"

మంచాలకు మాత్రం ఇంకా మనిషి మాటే చెల్లుతుంది. నేను ఫోను తీశాను.

"మా హైమను ఒక్కసారీ కింద పడనివ్వలేదండీ," అని మొదలుపెట్టాను.