రెండు పుట్టల కింద

చెదపురుగులు ఉమ్మితో మట్టి తడిపి రెండు పుట్టలు కట్టుకున్నాయి. ఒక్కో పుట్టలోకి ఒక్కో పాము తల దూరి, నేనే రాజునంది. రాజుల మాట మీద రెండు పుట్టల చెదలూ రోజూ కొట్టుకు చచ్చేవి. తెల్లారేసరికి ఒక్క శవమూ మిగిలేది కాదు.

"శత్రువే తినేస్తున్నాడు. వాడి పుట్టలోకి సొరంగం తవ్వు," అన్నాడు ఒక పుట్టలోని పాము రాజు.

కళ్లు లేని కూలీ చెద పిసరి తవ్వుకుంటూ పోయింది. పొడవునా చల్లని, నున్నని గోడ ఒంటికి తగులుతూనే ఉంది. సగం దారిలో, అటునుంచి తవ్వుకొస్తున్న శత్రువుల కూలీ ఎదురైంది.

"అక్కా, ఈ గోడ మా రాజుగారి గది నుంచి వస్తోంది," అందది.

"మా రాజుగారి గది నుంచి కూడానే!"

గోడ మెల్లగా ఊపిరి పీల్చింది. దాని రెండు చివర్ల నుంచీ ఒకే గొంతు వినిపించింది: "శత్రువు దొరికాడా?"

పిసరి ఆ కూలీని దగ్గరికి లాక్కుంది.

"దొరికాడు," అన్నారిద్దరూ.