గంటకో పాఠం

అడవి కుంటలో తాబేలు పంతులు బాతుపిల్లలకు బడి నడిపేవాడు. లెక్కలు నేరేడు చెట్టు కింద, ఈత నీళ్లలో, పాట గట్టు మీద. ఒక చోటి పాఠం ఇంకో చోట ఎత్తితే ఆయనకు ఒళ్లు మండేది. అంత పద్ధతైన బడి ఇంకెక్కడా లేదని మురిసిపోయేవాడు.

ఒకరోజు ఈతయ్యాక ఏడు పిల్లల్లో ఆరే గట్టెక్కాయి. పంతులు చూసుకోకుండా పాట మొదలెట్టాడు. ఒక పిల్ల మాత్రం నీళ్లకేసే చూస్తోంది.

"ఏంటా దిక్కులు?" అని గద్దించాడు.

"ఒకరం తక్కువున్నాం పంతులుగారూ. చెల్లి ఇంకా నీళ్లలోనే ఉంది."

"ఇందాకే చెప్పొద్దూ?"

"ఇది పాట గంట కదండీ. ఇప్పుడు లెక్కపెడితే తిడతారని..."

పంతులు పాట ఆపేశాడు. నీళ్లలోకి దూకి, గుర్రపుడెక్కలో చిక్కుకుని సొమ్మసిల్లిన పిల్లను వీపు మీద మోసుకొచ్చాడు. అది కళ్లు తెరిచాక తల్లి బాతు పరుగున వచ్చి దణ్ణం పెట్టబోయింది.

"నాకెందుకమ్మా దణ్ణం? నీ పిల్లలకు లెక్కలు బాగానే వచ్చాయి. ఆ లెక్కలు ఎందుకో తెలియనిది పంతులుకే" అన్నాడాయన, సిగ్గుపడుతూ నవ్వి.

మర్నాడు పిల్లలు ఒకదాన్నొకటి లెక్కపెట్టుకుంటూ, ఆ లెక్కనే పాట కట్టి ఈదాయి. వెనకాలే ఈదిన పంతులొక్కడికే తాళం తప్పింది.