మలబారీ నీళ్లు

ముసలాయన బకెట్టును కాలితో తన్నాడు.

నీళ్లన్నీ ఇసుకలోకి ఇంకిపోయాయి. చాయ్ కాయమని నాగరాజు పట్టుకొచ్చిన నీళ్లవి.

"ఒళ్లు కొవ్విందా సాయబూ?" పెంచల్ గొంతు చించుకున్నాడు.

పెంచల్ ఫోర్‌మన్. అరబ్బుల దేశంలో, షుఐబా ఊరి అవతల ఎడారిలో మూతపడిన మందుగుండు ఫ్యాక్టరీని శుభ్రం చేసే పని వాళ్లది. విషం ఇంకిన మట్టిని తవ్వి డ్రమ్ముల్లో నింపాలి. పన్నెండు మంది, అందరూ కడప వైపు వాళ్లే. అందులో నాగరాజు పెంచల్‌కు సొంత తమ్ముడు. వాడికి ఎండ తగిలితే అన్నకు ప్రాణం విలవిల్లాడుతుంది. మిగతా వాళ్లు మాడిపోయినా ఫర్వాలేదు.

ముసలాయన పేరు అబ్దుల్ ఖుద్దూస్. అందరికీ చాయ్ పోస్తాడు, తాను మాత్రం తాగడు. అంతకు మించి ఎవరూ అడగలేదు. చాయ్ కాసేవాడికి చరిత్ర ఎందుకు?

"ఆ ట్యాంకు నీళ్లు వద్దు నాయనా. చూడు, ఎండకు ఎట్ట ఎర్రబడ్తాండాయో," అన్నాడు ఖుద్దూస్.

గుండ్లు కడిగే పాత షెడ్డు పక్కనే ఉంది ఆ సిమెంటు ట్యాంకు.

పెంచల్ పగలబడి నవ్వాడు.

"మలబారీ హోటల్లో ఎప్పుడన్నా అన్నం తింటివా? ఆడ తాగే నీళ్లు ఎర్రగానే ఉంటాయి. ఏందో చెక్క వేసి కాస్తారు. ఒంటికి మంచిదంట."

"ఇది చెక్క రంగు గాదప్పా. మందు కడిగిన నీళ్లు."

"మందైతే ఇంగా మంచిదే గదా!"

అందరూ విరగబడి నవ్వారు. నాగరాజు కూడా నవ్వాడు.

"అయినా చెప్పేదానికి నువ్వెవురు? సైంటిస్టువా?"

ఖుద్దూస్ ఖాళీ బకెట్టును ఎత్తి పక్కన పెట్టాడు.

"చాయ్ కాసేవాణ్ణే," అన్నాడు తల దించుకుని.

రెండు క్యాన్లు తీసుకుని గేటు వైపు నడిచాడు. మంచినీళ్ల ట్యాంకరు అక్కడ ఆగుతుంది. రానూపోనూ రెండు కిలోమీటర్లు. పది గంటల చాయ్ పదకొండుకు వచ్చింది.

"చాయ్ రాయచోటి నుంచి తెస్తాండావా?" అన్నాడు పెంచల్. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

చివరికి ఆఫీసుకు ఫోన్ కొట్టాడు.

"పనికిమాలిన సరుకు సార్. ఉన్న నీళ్లు పారబోస్తాడు, చెప్తే వినడు. ఖలాస్ చేసి ఇంటికి పంపేయండి."

సైటు ఇంజనీరు హారూన్ లీవులో ఉన్నాడు. గుమాస్తా ఊరికి టికెట్ తీసి ముసలాయన చేతిలో పెట్టాడు.

బస్సెక్కే ముందు ఖుద్దూస్ నాగరాజు చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బీ, గేటు కాడ నీళ్లే తెచ్చుకో. నా మాట ఇను."

"యల్లా, యల్లా!" అన్నాడు పెంచల్, ముసలాయన్ను బస్సు వైపు తోస్తూ.

చాయ్ పని నాగరాజుకు దక్కింది. పాపం తమ్ముడికి నీడ దొరికింది. పక్కనే ట్యాంకు నీళ్లు, పది కొట్టేసరికి చాయ్ సిద్ధం.

"చూసినారా? పనంటే ఇట్టుండాల," అని పెంచల్ ఉబ్బిపోయాడు.

దాహమైనప్పుడల్లా నాగరాజు ఆ ఎర్రనీళ్లే తాగాడు.

పదోరోజు వాడి పెదాలు నీలంగా మారాయి. నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు. సాయంత్రానికి ఇంకో నలుగురికి వాంతులు.

"ఏ నీళ్లు తాగారు?" ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు.

"మలబారీ..." అని పెంచల్ ఆగిపోయాడు.

మర్నాడు హారూన్ విమానాశ్రయం నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు.

"ఖుద్దూస్ చాచాను ఎవరు పంపించిన్రు?"

"నేనే సార్. చాయ్ టయానికి ఇచ్చేది గూడా చేతగాదు ఆయనకు," అన్నాడు పెంచల్. లోపల తమ్ముడికి ఆక్సిజన్ పెట్టి ఉన్నా, ఆ మాట అలవాటుగా వచ్చేసింది.

హారూన్ అతన్ని అసహ్యంగా చూశాడు.

"ఈ సైట్ల చాయ్ నేనే కాస్తా, ఇంకెవర్నీ పెట్టొద్దని నా కాళ్లు పట్టుకుండు పెంచల్. ఎందుకో అప్పుడు నాకు సమజ్ కాలె. ఇందాక ఫోన్ చేస్తే ఏడ్చుకుంట చెప్పిండు."

"ఎవురు సార్ ఆయన?"

"నీకు చెప్పిండు గదా, చాయ్ కాసేటోడే. ముప్పై ఏండ్ల కింద ఆ షెడ్డుల పదిమంది పనిచేసేటోళ్లు. ఒకరెనక ఒకరు అందరూ పోయిన్రు. వాళ్లకు రోజూ చాయ్ కాసి పోసింది ఆయనే, ఆ ట్యాంకు నీళ్లతోనే."